వెనక్కి తిరిగి కూర్చునే ఊరు

రెండో కాన్పుకని అమ్మాయి దగ్గరికి స్వీడన్ వెళ్లాం. చూడ్డానికి సముద్రముంది, తిరగడానికి ట్రాములున్నాయి, వాసనకే నోరూరించే దాల్చినచెక్క బన్నులున్నాయి. కానీ ఆ మూడు నెలల్లో నా మనసులో ముద్రపడిపోయింది మాత్రం... ఓ కారు వెనకసీటు!

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి గోథెన్‌బర్గ్‌లో దిగేసరికి సన్నగా వాన. అక్టోబరు మొదటివారం. మా అల్లుడు సామాను డిక్కీలో సర్దుతుంటే, నేను అలవాటు కొద్దీ కారు ఎడమవైపు తలుపు తీశాను. అక్కడ స్టీరింగు ఉంది. నవ్వుకుంటూ చుట్టూ తిరిగి కుడివైపు తలుపు తీస్తే, అక్కడ మా మనవడున్నాడు. అదీ, ముందు అద్దం వైపు వీపు పెట్టి, వెనక్కి తిరిగి!

''మావయ్యగారూ, మీరూ అత్తయ్యగారూ వెనక కూర్చోండి. వాడు మీ వైపే చూస్తూ వస్తాడు'' అన్నాడు అల్లుడు.

నిజంగానే అలా వచ్చాం. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి పాతిక కిలోమీటర్లలోపే. రోడ్డుకి రెండువైపులా నల్లటి రాతిగుట్టలూ, వాటి మధ్య పసుపుపచ్చగా మారిపోయిన భూర్జ వృక్షాలూ. మా ఆవిడ అవన్నీ చూస్తోంది. నేను మాత్రం మనవడినే చూస్తున్నా. రెండున్నరేళ్లవాడు, బాసింపట్టు వేసుకుని, మహారాజులా కూర్చుని మమ్మల్ని తేరిపార చూస్తున్నాడు. వాడి కుడి కనుబొమ మీద సన్నటి తెల్లగీత. అది కనపడగానే నా చూపు పక్కకి తిరిగిపోయేది. ఎదురుగా కూర్చున్నవాణ్ని ఎంతసేపని చూడకుండా ఉంటాం?

ఆ గీత సంగతి తరవాత చెబుతాను. ముందు ఊరి సంగతి.

వాన, ట్రాములు, వోల్వో

గోథెన్‌బర్గ్ అని మనం అంటాంగానీ అక్కడివాళ్ల నోట అది ‘యూతెబోరి’. స్టాక్‌హోం తరవాత స్వీడన్‌లో అతిపెద్ద నగరం. పశ్చిమ తీరంలో ఉంటుంది. 1621లో గుస్తావ్ అడాల్ఫ్ రాజు ఈ నగరానికి పట్టం కట్టాడు. అప్పట్లో డచ్చివాళ్లను పిలిపించి కాలువలు తవ్వించారట. తెనాలివాణ్ని కదా, ఊరి నడుమ కాలువ కనిపిస్తే చాలు, సొంతూరొచ్చినట్టు ఉంటుంది నాకు.

నీలం, తెలుపు రంగుల ట్రాములు ఊరంతా తిరుగుతుంటాయి. వాటిలో పిల్లల బళ్లు పెట్టుకోవడానికి వేరే చోటుంటుంది. వాటిని తోసుకుంటూ ఎక్కేవాళ్లలో సగంమంది నాన్నలే. ఒక్కో బిడ్డకి తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవుభత్యం. అందులో 90 రోజులు తండ్రివి, 90 రోజులు తల్లివి. ఒకరివి ఇంకొకరు వాడుకోవడానికి వీల్లేదు. మా వీధి చివర కాఫీ దుకాణం బయట, చలిలో, దుప్పట్లు కప్పిన పిల్లల బళ్లు వరసగా నిలబెట్టి ఉండేవి. పిల్లలు వాటిలోనే హాయిగా నిద్రపోతుంటే తల్లులు లోపల కాఫీ తాగేవారు. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ గుండెమీద చెయ్యేసుకుని, ''ఏమండీ, ఎవరైనా ఎత్తుకుపోతే?'' అంది. ఓ వారానికి ఆమె కూడా ఆ బళ్లలోకి తొంగిచూసి పలకరించడం మొదలెట్టింది.

ఇక ఈ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది వోల్వో. 1927 ఏప్రిల్ 14న తొలి కారు బయటికొచ్చింది ఇక్కడే. లాటిన్‌లో ఆ మాటకి ‘నేను దొర్లుతాను’ అని అర్థమట. మన కార్లలో భుజం మీదుగా వచ్చి నడుముని చుట్టే బెల్టుంటుందే, దాన్ని 1959లో తయారుచేసిన నిల్స్ బోలిన్ కూడా ఇక్కడి వోల్వో ఇంజినీరే. అంతకుముందు ఆయన విమానాల్లో పైలట్లని బయటికి ఎగరేసే సీట్లు చేసేవాడు. ఆ బెల్టు మీద హక్కులున్నా వోల్వో దాన్ని తనదగ్గరే దాచుకోలేదు. మిగతా కంపెనీలూ వాడుకోనిచ్చింది.

మా అల్లుడిలా ఈ ఊళ్లో వాహనాల సాఫ్ట్‌వేరు పనిచేసే తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఆదివారం ఇండియన్ దుకాణానికి వెళ్తే గోంగూర పచ్చడి సీసాల దగ్గర మనభాషే వినిపిస్తుంది.

ఆ గీత సంగతి

ఏడాదిన్నర కిందట అమ్మాయీ అల్లుడూ మనవణ్ని తీసుకుని తెనాలి వచ్చారు. వాడికప్పుడు పది నెలలు. శంషాబాద్‌లో దిగిన వాళ్లని తీసుకురావడానికి అద్దెకారు మాట్లాడుకుని నేనే వెళ్లాను. మనవణ్ని మొదటిసారి ఎత్తుకున్న తాతని. ఎవరిచేతికైనా ఇస్తానా? ముందు సీట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాను. ''నాన్నా, వెనకకి ఇవ్వు'' అని అమ్మాయి ఒకసారి అంది. ''నిన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పినవాణ్నే తల్లీ'' అన్నాను.

సూర్యాపేట దాటాక ఓ మోటారుసైకిలు రాంగ్‌రూట్‌లో ఎదురొచ్చింది. డ్రైవరు బలంగా బ్రేకు తొక్కాడు. కారు పక్కకి జారి, డివైడరుకి కొట్టుకుని ఆగింది. పెద్ద దెబ్బేం కాదు, బంపరు ఒకవైపు సొట్టపోయిందంతే. కానీ నా ఒళ్లో బిడ్డ లేడు. డాష్‌బోర్డుకి తగిలి నా కాళ్ల దగ్గర పడి ఉన్నాడు.

కనుబొమ మీద మూడు కుట్లు. అంతే. దేవుడు చల్లగా చూశాడని అందరూ అన్నారు. అమ్మాయి నన్ను పల్లెత్తు మాటనలేదు. అదే నన్ను కోసింది. ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని నేను. జడత్వానికి ఉదాహరణ చెప్పమని ఎన్ని వందలమంది పిల్లల్ని అడిగి ఉంటాను? ‘బస్సు హఠాత్తుగా ఆగితే ప్రయాణికులు ముందుకు తూలుతారు సార్!’ రెండు మార్కుల ప్రశ్న. ఆరోజు నాకు వచ్చింది సున్నా.

వ్యోమగాముల కుర్చీ

కాన్పు నవంబరులో. బిడ్డ రాకముందే ఇంట్లో ఒక చిక్కు సమస్య వచ్చిపడింది. ఇన్నాళ్లూ మనవడి సీటు కారు ముందుభాగంలో, డ్రైవరు పక్కన ఉండేది. అక్కడ అలా పెట్టుకోవడం మామూలేనట. అయితే ఆ వైపు ఎయిర్‌బ్యాగుని తాళంచెవితో ఆపేసి తీరాలి. లేకపోతే ప్రమాదంలో అది తెరుచుకునే వేగానికి సీటు వీపుని, బిడ్డ తలతో సహా, గుద్దేస్తుంది. ఈ మాట విన్నరాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆరోజు మా అద్దెకారులో ఎయిర్‌బ్యాగు తెరుచుకుని ఉంటే...

ఇప్పుడు బాలింత ముందు సీట్లో కూర్చోవాలి. అంటే పెద్దాడి సీటు, కొత్తగా వచ్చేవాళ్ల సీటు, రెండూ వెనకే పట్టాలి. పాత వోల్వో బండి. పొడుగేగానీ వెడల్పేం కాదు.

''వాడికి రెండున్నరేళ్లొచ్చాయి కదా బాబూ, ముందుకి తిప్పేస్తే సరి. చోటు కలిసొస్తుంది'' అన్నాన్నేను.

''ఇక్కడ నాలుగేళ్లదాకా తిప్పరు మావయ్యగారూ'' అన్నాడు అల్లుడు.

చట్టమా అంటే కాదు. 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకి తగిన సీటు ఉండాలన్నదే చట్టం. నాలుగేళ్లదాకా వెనక్కి కూర్చోబెట్టడం అలవాటు. ఆ అలవాటుకి పునాది పడిందీ ఈ దేశంలోనే. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు ఉండేవాడు. తరవాత ఈ ఊళ్లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. అమెరికా వ్యోమగాములు రాకెట్టులో వెల్లకిలా పడుకుని, ఆ వేగం తాకిడినంతా వీపుమీద భరించడం చూసి ఆయనకో ఆలోచన వచ్చింది. పసిపిల్లల్నీ అలా కూర్చోబెడితే? 1964లో తొలి నమూనా తయారుచేసి వోల్వో పీవీ544 కారులో పరీక్షించారు. 1972లో వోల్వో వెనక్కి తిరిగే పిల్లల సీటుని అమ్మకానికి తెచ్చింది.

కారణం వింటే మనకీ సబబే అనిపిస్తుంది. పెద్దవాళ్ల తల శరీరం పొడవులో ఏడోవంతో ఎనిమిదోవంతో ఉంటుంది. పసిబిడ్డది నాలుగోవంతు. తల బరువు, మెడ లేత. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేన్నయినా గుద్దుకుంటే, ముందుకి తిరిగి కూర్చున్న బిడ్డ ఒంటిని పట్టీలు ఆపుతాయి. తలనెవరాపుతారు? ఆ లాగుడంతా మెడమీదే పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ కలిసి కుర్చీలోకి ఒత్తుకుంటాయి. దెబ్బ వీపంతా పంచుకుంటుంది. పడవబోయే తమలపాకు కట్టని చేత్తో పట్టుకోవడానికీ, పళ్లెంలో పట్టడానికీ ఉన్న తేడా!

''మరి వాడి కాళ్లు నొప్పెట్టవూ?'' అంది మా ఆవిడ.

మనవడు దానికి జవాబు చెప్పలేదుగానీ చేసి చూపించాడు. కాళ్లు మడిచి, బాసింపట్టు వేసి, బిస్కెట్టు తింటున్నాడు. మనం పంక్తిలో కూర్చుని గంటసేపు భోంచెయ్యమూ?

బియ్యం మూట

శనివారం పొద్దున్నే నేనూ అల్లుడూ పార్కింగులోకి దిగాం. గోథెన్‌బర్గ్ కొండల ఊరు. మా అపార్టుమెంటు పార్కింగు కూడా వాలే. వాలు మీద కారుంటే సీటు ఎంత వెనక్కి ఒరిగిందో కంటికి తెలియదని కారుని కింద చదునుగా ఉన్నచోటికి తెచ్చుకున్నాం. చిన్నపిల్లలకి ఈ ఒరుగు ముఖ్యం. సీటు మరీ నిటారుగా ఉంటే పసిగుడ్డు తల గుండెమీదికి వాలిపోయి ఊపిరికి అడ్డం పడుతుంది.

ముందు పెద్దాడి సీటు. డ్రైవరు వెనక పెట్టి చూశాం. అల్లుడిది ఆరడుగుల ఎత్తు. తన సీటు ముందుకి జరుపుకునేసరికి మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి. మొత్తం విప్పి అటువైపుకి మార్చాం. ఆ సీటుని కారు బెల్టుతో బిగించాలి. బెల్టు ఎక్కడా మెలిపడకూడదు. తరవాత సీటు కింద నుంచి వచ్చే రెండు పట్టీల్ని ముందు సీటు కాళ్లకి చుట్టి లాగికట్టాలి. ఈ రెండు పట్టీలు లేకపోతే సీటు కుర్చీవైపుకి ఎగిరి తిరగబడుతుంది. ఆపైన ఊతకాలు. అది నేలకి ఆనాలి. గాలిలో వేలాడకూడదు, అలాగని సీటుని పైకి లేపనూ కూడదు. కొన్ని కార్లలో కాళ్లదగ్గర నేలకింద సామాను అర ఉంటుందట. ఆ బోలు మూతమీద ఊతకాలు పెడితే దెబ్బకి విరిగిపోతుంది. మాది గట్టి నేలే.

నేను ఒక మోకాలు సీటుమీద పెట్టి బరువంతా వేస్తే, అల్లుడు బెల్టు లాగాడు. పట్టెమంచానికి నవారు బిగించిన చేతులు నావి. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది.

తరవాత పసిబిడ్డది. ఇది రెండు ముక్కలు. కింద ఒక పీట, పైన చేతిపిడి ఉన్న బుట్ట. కారు సీటు, వీపు కలిసే సందులో వేళ్లు పెట్టి తడిమితే రెండు ఇనప కమ్మీలు తగులుతాయి. వాటిని ఐసోఫిక్స్ అంటారు. పీటకున్న రెండు చేతులు వాటిని ‘టక్’మని పట్టుకోవాలి. పట్టుకుంటే ఎర్రగుర్తు పోయి పచ్చగుర్తు వస్తుంది. దానికీ ఒక ఊతకాలు, దానికీ ఒక పచ్చగుర్తు. బుట్టని పీటమీద పెట్టగానే మరో ‘టక్’, మరో పచ్చ. అన్నీ పచ్చగా ఉంటేనే బండి కదలాలి. రైల్వే సిగ్నలు లెక్క!

నా పని నేను చేసి గర్వంగా నిలబడ్డాను. అల్లుడు పీట పట్టుకుని ఊపితే ఒకవైపు లేచి వచ్చింది! రెండు గుర్తుల్లో ఒకటే పచ్చ. రెండోది ఇంకా ఎరుపే. నేను ఒకటి చూసి రెండూ అనుకున్నా. ''అందుకే ఊపి చూడాలి మావయ్యగారూ'' అన్నాడు. విద్యార్థిలా తలూపి మళ్లీ బిగించాను.

ఇంకో పరీక్ష మిగిలింది. బిడ్డని కట్టడం. బిడ్డ ఇంకా పుట్టలేదు కదా! మా ఆవిడ వంటింట్లోంచి మూడు కిలోల బియ్యం తువ్వాలులో మూటకట్టి తెచ్చింది. దానికి ముడివేసి తల కూడా పెట్టింది. ఆ బియ్యం పాపని బుట్టలో కూర్చోబెట్టి పట్టీలు వేశాం. వెనక్కి తిరిగే సీట్లో పట్టీలు బిడ్డ భుజాల ఎత్తునో, కాస్త కిందనో మొదలవ్వాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడాలి. వేళ్ల మధ్య మడత పడితే వదులన్నట్టు. జారిపోతే సరిగ్గా ఉన్నట్టు. లావుపాటి చలికోటు వేసి కట్టకూడదు. దెబ్బ తగిలినప్పుడు కోటులోని గాలంతా అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. పల్చటి బట్టలతో కట్టి, పైన దుప్పటి కప్పాలి.

మా ఆవిడ అంతా చూసి, చివరికి అసలు మాట బయటపెట్టింది. ''ఇదంతా బానే ఉందిగానీ, పురిటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని తీసుకురాకుండా ఇలా బుట్టలో పడేసి తెస్తారా ఎక్కడన్నా? ఇరవై నిమిషాల దారేగా. నేను గట్టిగా పట్టుకుంటాను.''

అల్లుడు నా వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

సంచి వెనక లెక్క

ఆ రాత్రి బియ్యం సంచి అట్టమీద లెక్క వేశాను. పాత అలవాటు. కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గోడని గుద్దుకుంటే దాదాపు సెకనులో పదోవంతులో ఆగిపోతుందనుకుందాం. ఆ క్షణంలో మూడు కిలోల బిడ్డని ఆపాలంటే నలభై కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఆ 50 కిలోమీటర్ల వేగమంటే ఎంత? మూడంతస్తుల మేడమీంచి పడితే నేలని తాకే వేగమంత. మేడమీంచి బిడ్డతో దూకుతూ ‘నేను గట్టిగా పట్టుకుంటాను’ అని ఎవరంటారు?

అక్కడితో ఆపుదామనుకున్నా. చెయ్యి ఆగలేదు. పది కిలోల బిడ్డ. వేగం ఇరవై. అదే పదోవంతు సెకను. వచ్చిన జవాబు చూస్తే యాభై అయిదు కిలోల పైనే.

''ఏం రాస్తున్నావు నాన్నా?'' నిద్రపట్టక లేచొచ్చిన అమ్మాయి వెనకనుంచి అడిగింది. దాచబోయాను. తీసి చూసింది. ‘10 కిలోలు, 20’ అన్న అంకెలు చూడగానే దానికి అర్థమైంది. అది నా కూతురేగాక నా విద్యార్థిని కూడా.

చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లగా అంది, ''యాభై అయిదు కిలోలు నాన్నా. నీ చేతులు కాదు, ఎవరి చేతులైనా వదిలేసేవే. అమ్మ చేతులైనా, నా చేతులైనా. పట్టు తప్పని కాదు. ఒడిలో పెట్టుకోవడమే తప్పు. అది అందరం చేశాం. నెల రోజులకేగా అని సీటు ఇక్కడే వదిలేసి వచ్చింది నేను.''

అప్పుడు తెలిసింది. ఏడాదిన్నరగా ఆ గీతని చూసి తలతిప్పుకుంటున్నది నేనొక్కణ్నే కాదని.

మర్నాడు మా ఆవిడకి ఆ లెక్క చూపించాను. అంకెలు ఆమె చూడలేదు. సంచిమీద రాసినదాన్ని మడిచి, ''సరే, బుట్టలోనే తెండి. గుమ్మంలోకి వచ్చాక మాత్రం ముందు నా ఒళ్లోకే ఇవ్వాలి'' అంది. ఒప్పందం కుదిరింది.

ఆ మధ్యలో ఓ ఆదివారం ‘వరల్డ్ ఆఫ్ వోల్వో’కి వెళ్లాం. 2024లో తెరిచారు. గుండ్రటి చెక్క భవనం. లోపల స్తంభాలు చెట్లకొమ్మల్లా విచ్చుకుని కప్పుని మోస్తుంటాయి. పక్కనే 1923 నుంచి ఉన్న లిసెబెరీ వినోదాల పార్కు. మనవడు పాతకార్ల చుట్టూ పరిగెత్తుతుంటే నేను బోలిన్‌నీ, ఆల్డ్‌మన్‌నీ తలుచుకున్నాను. ఒకాయన పైలట్ల కుర్చీ చూసి మనకి బెల్టు ఇచ్చాడు. ఇంకొకాయన వ్యోమగాముల పడక చూసి పిల్లలకి సీటు ఇచ్చాడు. ఆకాశంలోకి వెళ్లేవాళ్లకి తీసుకున్న జాగ్రత్త, నేలమీద తిరిగేవాళ్లకి దించిన పుణ్యాత్ములు!

ఈ దేశానికి రోడ్డంటే పట్టింపు ఎక్కువే. 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున దేశం మొత్తం ఎడమవైపు నుంచి కుడివైపుకి మారిపోయింది. 1997లో, రోడ్డుమీద ఎవరూ చనిపోకూడదు, ఎవరికీ తీవ్రమైన గాయం కాకూడదన్నదే లక్ష్యమని పార్లమెంటు తీర్మానించింది. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు, ఆ పొరపాటుకి ప్రాణం మూల్యం కాకుండా రోడ్డునీ, బండినీ తయారుచేయాలన్నది ఆ తీర్మానంలోని సారం. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు... ఆ మాట నాకోసమే రాసినట్టుంది.

ఇంటికి

నవంబరు రెండోవారంలో మనవరాలు పుట్టింది. మూడు కిలోల రెండొందల గ్రాములు. బియ్యం పాపకంటే కాస్త ఎక్కువే!

మూడోరోజు ఇంటికి పంపించారు. పెద్దాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలి నేనూ అల్లుడూ వెళ్లాం. సాయంత్రం నాలుగున్నరకే బాగా చీకటిపడింది. మళ్లీ అదే సన్నటి వాన. రోడ్డుమీద నడిచేవాళ్ల కోట్లకి వేలాడే బిళ్లలు కారు దీపాలకి మిణుగురుల్లా మెరుస్తున్నాయి. చీకట్లో డ్రైవర్లకి కనపడాలని పిల్లలూ పెద్దలూ అవి కట్టుకుంటారు.

ఆస్పత్రి గదిలో అల్లుడు బుట్ట బల్లమీద పెట్టి పట్టీలు విప్పాడు. అమ్మాయి బిడ్డని ఎత్తి అతనికి ఇవ్వబోయి, ఆగింది.

''నాన్నా, నువ్వు కట్టు.''

నాకు చేతులు వణికాయి. బియ్యం మూట వేరు, ఇది వేరు. ఇది కాళ్లు ముడుచుకుంటుంది, పిడికిలి పట్టీలోంచి బయటికి రాదు, మెడ నిలవదు. నెమ్మదిగా ఒక చెయ్యి, తరవాత ఒక చెయ్యి. మధ్యలో బకిల్ ‘టక్’మంది. భుజం దగ్గర రెండు వేళ్లతో గిల్లాను. మడత పడింది. ఇంకాస్త లాగాను. మళ్లీ గిల్లాను. జారిపోయింది. పైన మా ఆవిడ తెనాలి నుంచి మోసుకొచ్చిన పాతచీర బొంత కప్పాను.

కారులో బుట్ట పీటమీద కూర్చుంది. పచ్చ. ఊతకాలు పచ్చ. ఈసారి రెండు చేతుల దగ్గరా వంగి చూశాను. రెండూ పచ్చే. ఊపి చూశాను. కదల్లేదు.

అమ్మాయి ముందు కూర్చుంది. నేను వెనక, రెండు సీట్ల నడుమ ఉన్న ఆ జానెడు జాగాలో ఇరుక్కుని కూర్చున్నాను. ఒకవైపు పెద్దాడి ఖాళీసీటు, అందులో సగం కొరికిన బిస్కెట్టు. ఇంకోవైపు ఇది. వెనక్కి తిరిగి ఉంది కాబట్టి పక్కకి తిరిగితే చాలు, ముఖమంతా నాకే కనిపిస్తోంది. వీధిదీపాలు ఒక్కొక్కటే దాని ముఖంమీదుగా జారి వెనక్కి వెళ్లిపోతున్నాయి. దారిపొడవునా దాన్ని ముట్టుకోలేదు. చేతులు నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నా. ఖాళీ ఒడి. ఏ లోటూ అనిపించలేదు.

గుమ్మంలో మా ఆవిడ ఎర్రనీళ్లతో నిలబడి ఉంది. దిష్టి తీసి, బుట్ట పట్టీలు తనే విప్పి, బిడ్డని ఒళ్లోకి తీసుకుంది. మాట ప్రకారం.

తెనాలిలో...

మనదగ్గర చట్టం లేదనుకునేరు, ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. కట్టినవాళ్లని నేనింకా చూడలేదు. పిల్లల సీట్లు మన పట్టణాల్లోనూ దొరుకుతున్నాయి. ఇప్పుడొస్తున్న చాలా కార్లలో ఐసోఫిక్స్ కమ్మీలుంటున్నాయి. సీటు సందులో ఉంటాయి కాబట్టి, ఉన్నాయని కారు కొన్నవాళ్లకే తెలియడంలేదు. అవి లేని కారులోనూ బెల్టుతో బిగించే సీట్లున్నాయి. ఎవరైనా వాడిన సీటు ఇస్తానంటే మొహమాటపడకుండా ఒకటి అడగండి, ‘ఎప్పుడైనా ప్రమాదంలో పడిందా?’ అని. పడిన సీటు పైకి బాగున్నా పనికిరాదు. దూరప్రయాణమైతే మధ్యమధ్యలో ఆగి పసిబిడ్డని సీట్లోంచి తీసి కాసేపు పడుకోబెట్టండి. ఆ సీటు ప్రయాణానికే, పడకకి కాదు.

వచ్చే వేసవిలో వాళ్లు నలుగురూ వస్తున్నారు. ఈసారి సీట్లు కూడా తెచ్చుకుంటున్నారు. మొన్న మా వీధి చివర అద్దెకార్ల అబ్బాయి దగ్గరికి వెళ్లాను. అతని కొత్త కారు వెనక తలుపు తీసి, సీటు సందులో వేళ్లు పెట్టి తడిమాను.

''ఏం పోయింది మాస్టారూ?'' అన్నాడు కంగారుగా.

''పోలేదు బాబూ... దొరికింది'' అన్నాను. ఇనప కమ్మీ చల్లగా వేళ్లకి తగులుతోంది.